సీటు సుఖంగా ఉంటే సినిమా ఏం బాగుంటుంది?

స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో జనవరి నెలాఖరుకి సాయంత్రం నాలుగున్నరకల్లా చీకటి పడిపోతుంది. పైన వాన, కింద సగం కరిగిన మంచు. బుద్ధున్నవాడెవడూ గడప దాటని ఆ రోజుల్లోనే 1979 నుంచి అక్కడ ఫిల్మ్ ఫెస్టివల్ జరుగుతోంది. నార్డిక్ దేశాల్లో ఇంతకన్నా పెద్దది లేదు. డెన్మార్క్ వాళ్లూ నార్వే వాళ్లూ ఐస్‌లాండ్ వాళ్లూ తమ కొత్త సినిమాలు పట్టుకుని ఇక్కడికే వస్తారు.

ఆ రోజుల్లో ట్రామెక్కితే ఒకాయన కనిపించి తీరతాడు. మెడలో ఫెస్టివల్ కార్డు, భుజాన సంచి. సంచిలో కాఫీ ఫ్లాస్కు, అదనంగా ఒక జత ఉన్ని మేజోళ్లు, మడతపెట్టే ఫోము ముక్క ఒకటి. ఎక్కడ కూర్చోవాల్సి వస్తుందో ఎవరికి తెలుసు! సినిమా పిచ్చోడనుకునేరు. కాదు, ఈయన పిచ్చంతా హాలు మీదే.

ఫలానా సినిమా ఎలా ఉందని అడిగి చూడండి. కథ చెప్పడు, నటన ఊసెత్తడు. "రెండు గంటలు కాలు చాపుకోడానికి లేదనుకో!" అంటాడు, కళ్లు మెరిపిస్తూ. అంటే బ్రహ్మాండంగా ఉందని. యార్న్‌తోర్‌గెట్ కూడలిలో 1956 నాటి డ్రాకెన్ అనే హాలుంది, ఫెస్టివల్‌కి గుండెకాయ లాంటిది. ఊరంతా దాన్ని నెత్తిన పెట్టుకుంటే ఈయన మాత్రం పెదవి విరుస్తాడు. అందులో కుర్చీలున్నాయట.

ఇలాంటివాళ్లని పెంచి పోషించిన పుణ్యం నిర్వాహకులదే. 2019లో వాళ్లు 'అనియారా' సినిమాని శవపేటికల్లో చూపించారు. అంతరిక్షంలో దారి తప్పి ఇక వెనక్కి రాలేని ఓడ కథ అది, హారీ మార్టిన్‌సన్ 1956లో రాసిన కావ్యం ఆధారంగా తీశారు. ఎనిమిది పేటికలు, ఒక్కోదాంట్లో ఒక్కో తెర. ప్రేక్షకుణ్ణి పడుకోబెట్టి మూతేసేశారు. అందులో ఒకటి తనదేనని ఈయన చెబుతాడు. ఇలా చెప్పినవాళ్లందరినీ కూడితే ఎనిమిది పేటికలు ఏ మూలకీ చాలవు, అది వేరే సంగతి. "సినిమా ఎలా ఉందండీ?" అంటే "మూత బాగా బిగిసింది" అన్నాడు.

2022లో హాల్లో ఉన్నవాళ్లందర్నీ హిప్నటైజ్ చేశాకే బొమ్మ వేశారు.

ఈయన గుండెలో ముల్లు మాత్రం 2021ది. కరోనా వల్ల స్వీడన్‌లో ఎనిమిది మందికి మించి ఒకచోట చేరకూడదన్న రోజులు. ఫెస్టివల్ వాళ్లు ఒక్కడంటే ఒక్క ప్రేక్షకుణ్ణి హామ్నెషేర్ దీవిలో, పాతర్ నోస్తర్ అనే 1868 నాటి ఇనుప లైట్‌హౌస్ దగ్గర వారం రోజులు ఉంచుతామన్నారు. ఫోను లేదు, పుస్తకం లేదు, మాట్లాడే దిక్కు లేదు. చుట్టూ సముద్రం, లోపల ఫెస్టివల్ సినిమాలు. పన్నెండు వేల దరఖాస్తులొచ్చాయి. ఈయనదీ ఒకటి. ఒంటరితనం తనకు అలవాటేననీ, కావాలంటే భార్యని అడగొచ్చనీ రాశాడట. చివరికి ఆసుపత్రి అత్యవసర విభాగంలో పనిచేసే నర్సుని ఎంపిక చేశారు.

"న్యాయమే" అంటాడు ఇప్పటికీ, కాఫీలో చెంచా తిప్పుతూ. చెంచా చాలాసేపు తిరుగుతుంది. "పాపం, ఆవిడకి విశ్రాంతి కావాలి. కానీ విశ్రాంతి తీసుకోడానికి లైట్‌హౌసెందుకు, చెప్పు?"

భార్య పక్కనే ఉంది. "నాకొక్క మాట చెప్పుంటే ఖర్చంతా నేనే పెట్టుకుని పంపేదాన్ని" అంది.

నాకు తోచేదేమిటంటే, నిర్వాహకులు చేసిన ప్రతిదానికీ ఒక లెక్కుంది. తప్పించుకోలేని ఓడ కథకి మూత వేసిన పెట్టె నప్పింది. మనుషులు మనుషులకి దూరమైన ఏడాదికి దీవి నప్పింది. ఈయనకి ఆ లెక్కతో పనిలేదు. రేపు ఎవరైనా పెళ్లిళ్ల కామెడీని బావిలోకి దించి చూపిస్తామంటే తాడు తెచ్చుకుని ముందు నిలబడతాడు.

మిగతా ఏడాది కూడా ఖాళీగా ఉండడు. జూన్‌లో ఫిన్లాండ్‌లోని సొదాన్‌క్యులాకి వెళ్తాడు. సినిమా దర్శకులైన కౌరిస్మాకి అన్నదమ్ములూ మిత్రులూ కలిసి 1986లో మొదలుపెట్టిన ఫెస్టివల్ అది. సూర్యుడు అస్తమించని ఊళ్లో సర్కస్ డేరా కింద తెల్లవార్లూ సినిమాలు. 'తెల్లవార్లూ' అన్నది మాట వరసకే, అసలు చీకటి పడితేగా. చలికాలంలో అదే దేశంలోని ఇనారికి పోతాడు. అక్కడ స్కాబ్మగోవత్ అనే ఆదివాసీల ఫెస్టివల్‌కి మంచుతోనే ఆరుబయట థియేటర్ కడతారు, తెర కూడా మంచే. అక్కణ్ణుంచి వచ్చాక వారం రోజులు ముక్కు చీదుతూనే ఉంటాడు, పతకం గెలిచినవాడి ధీమాతో.

డేరా మాటొచ్చింది కదాని మా ఊళ్ల టూరింగ్ టాకీసుల గురించి చెప్పాను. నేల టిక్కెట్టు, ఇసుక కుప్ప చేసుకుని దాని మీద కూర్చోవడం, రీలు మార్చేలోపు బీడీ పొగ, ముందు వరసలో ఏడ్చే పిల్లలు. ఫ్లాస్కు మూత అలాగే పట్టుకుని ఊపిరి బిగబట్టి విన్నాడు.

"బుకింగ్ ఎప్పుడు తెరుస్తారు?"

అవి మూతబడి చాలా కాలమైందన్నాను. లైట్‌హౌస్ చేజారినప్పుడు కూడా అంత బాధపడి ఉండడు.

ఈమధ్య ఒక డేనిష్ సినిమాకి ఈయనకి మామూలు మల్టీప్లెక్సులోనే టిక్కెట్టు దొరికింది. నేను వెనక వరసలో ఉన్నాను. వెనక్కి వాలే మెత్తటి సీటు, చెయ్యి పక్కనే గ్లాసు పెట్టుకునే గుంట. బొమ్మ పడిన కాసేపటికే ఇటు కదిలాడు, అటు కదిలాడు. మేజోళ్లు తొడుక్కున్నాడు, విప్పాడు. చివరికి సంచిలోంచి ఫోము ముక్క తీసి, పక్కవాళ్లకి సారీ చెప్పుకుంటూ వెళ్లి, నడవాలో మెట్టు మీద మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని కూర్చున్నాడు. మొహంలో కళ వచ్చింది.

వాలంటీరు పిల్ల వంగి వచ్చి గుసగుసగా అడిగింది. "ఇక్కడ కూర్చోకూడదండీ. మీ సీటు బాగోలేదా?"

"బాగుందమ్మా. అందుకే."