సైలెన్సర్ లేని శౌర్యం

పిడుగురాళ్ల గాలిలో ఏదో లోటుందని మన కుర్రవీరుడికి ఈమధ్యే తట్టింది. సున్నపుబట్టీల పొగ ఉంది, మిల్లుల పిండి ఉంది, రాళ్ల లారీలు లేపే దుమ్ము ఉంది. శుద్ధి చేయని పెట్రోలు పొగే కాస్త తక్కువైంది. ఆ లోటు తీర్చడానికి పాత హోండా సిటీ వీటెక్ ఒకటి కొని, ఆన్‌లైన్లో హెడర్ తెప్పించి, ఇంటి ముందే బిగించడానికి పూనుకున్నాడు.

హెడర్ సంగతి తెలియని పెద్దలకు ఒక మనవి. నాలుగు సిలిండర్ల పొగనూ ఒకచోట చేర్చి వెనక్కి పంపే మేనిఫోల్డ్ కంపెనీయే ఇస్తుంది. పాత కార్లలో అది ఎక్కువగా పోతఇనుముది. దాని బదులు సిలిండర్‌కొకటి చొప్పున స్టీలు గొట్టాలు సమానమైన పొడవుతో వేస్తే అదే హెడర్. అప్పుడు ఒక సిలిండర్ వదిలిన పొగ పోతూ పోతూ పక్కదాని పొగను కూడా లాక్కుపోతుంది. శాస్త్రం అబద్ధం కాదు. కాకపోతే ఆ లాగుడు నిమిషానికి ఐదారు వేల చుట్లు తిరిగేటప్పుడు అక్కరకొచ్చేలా గొట్టాల కొలతలు పెడతారు. మెయిన్‌రోడ్డు మీద లారీ వెనకాల రెండో గేరులో పాకేవాడికి ఉన్న బలం కూడా తగ్గొచ్చు. కొత్త గొట్టానికి తగ్గట్టు ఇంజిన్ కంప్యూటర్ను (ఈసీయూ) ట్యూన్ చేయించకపోతే పెరిగేది నామమాత్రం. ట్యూనింగ్‌కు డబ్బులేవీ? స్టిక్కర్లకు అయిపోయాయి.

ఇక శస్త్రచికిత్స. జాకీ ఒకటే ఉంది కాబట్టి కారును రాళ్ల మీద నిలబెట్టారు. ఈ ఊళ్లో రాళ్లకేం కొదవ! కింద దూరినవాడి రొమ్ము మీద టన్ను బరువు ఊగుతోంది. వాళ్లమ్మ గుమ్మంలో నిలబడి మొక్కుకుంటోంది. జాక్ స్టాండ్లు కొనడం కన్నా మొక్కు చవక. పాత మేనిఫోల్డ్‌ను పట్టి ఉంచే స్టడ్లు ఇరవై ఏళ్లుగా కాలి, తుప్పు పట్టి కరుచుకుపోయాయి. "స్ప్రే కొట్టి రాత్రంతా నాననియ్యి అబ్బాయా" అన్నాడు ముసలి మెకానిక్కు. "అంత టైం యాడుంది బాబాయ్" అంటూ వీరుడు స్పానరుకు పైపు తొడిగి లాగాడు. స్టడ్డు సగం చేతికొచ్చింది, సగం అల్యూమినియం హెడ్డులోనే కూర్చుంది. ఆ హెడ్డును లేతు వర్క్‌షాపుకు మోసిన ఆటో బాడుగ హెడర్ ఖర్చులో ఎవరూ రాయరు.

దారిలో క్యాటలిటిక్ కన్వర్టర్ అడ్డమొచ్చింది. ప్లాటినం, పల్లాడియం, రోడియం పూసిన ఆ డబ్బా ప్రాణాలు తీసే కార్బన్ మోనాక్సైడ్‌ను కార్బన్ డయాక్సైడ్‌గా మార్చే నేరం చేస్తోంది. శిక్షగా అటకెక్కింది. వెంటనే డ్యాష్‌బోర్డులో చెక్ ఇంజిన్ లైటు వెలిగింది. దాని మీద నల్ల టేపు అంటించారు. రోగం కుదిరింది.

ఫలితం గొప్పగానే ఉంది. గ్యాస్కెట్ సరిగ్గా కూర్చోక టపటపలాడుతుంటే వీరుడు దాన్ని పవర్ అంటాడు. అద్దంకి-నార్కట్‌పల్లి రోడ్డు మీద చూపిస్తానంటాడు. ఆ రోడ్డు మీద అనుమతించిన వేగాన్ని ఈ కారు పుట్టినప్పటి 106 హార్స్‌పవరే దాటించగలదు. కొత్తగా పెరిగింది ఊరి చెవుల్లోకి చేరింది, అంతే. ఇళ్ల మధ్య రాత్రిపూట 45 డెసిబెల్స్ దాటకూడదనీ, ఆసుపత్రి చుట్టూ వంద మీటర్లు నిశ్శబ్ద ప్రాంతమనీ 2000 నాటి నిబంధనలు చెబుతున్నాయి. నిబంధనలకేం, అవి శబ్దం చేయవు కదా.

చట్టం నిద్రపోతోందంటే నేనొప్పుకోను. బండిని అక్రమంగా మారిస్తే ఒక్కో మార్పుకు ఐదు వేల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు అని 2019లో సవరించారు. అయితే చట్టానికి చెవుడు సీజన్‌ను బట్టి వస్తుంది. ఇదే మోత రేపు జెండా కట్టుకుని ఎన్నికల ర్యాలీలో వెళ్తే బందోబస్తులో ఉన్నవాళ్లే దారిస్తారు. ర్యాలీ అయిపోయాక వినికిడి తిరిగొస్తుంది. విశాఖలో, హైదరాబాదులో పోలీసులు బుల్లెట్ బండ్ల నుంచి ఊడబీకిన సైలెన్సర్లను రోడ్డు మీద పేర్చి రోలరుతో తొక్కించారు, కెమెరాలు కూడా వచ్చాయి. నలిగినవన్నీ కొన్నవాళ్ల సొమ్ము. అమ్మినవాడు మర్నాడు మామూలుగానే షట్టరెత్తి, ఫిట్టింగ్ ఫ్రీ అని బోర్డు తగిలించుకుని కూర్చున్నాడు. అతని సందు ఇరుకట, రోలరు పట్టదట.