అలిగిన సీటు

"పాపం, పసిదాన్ని అలా కట్టేశారేంటి?"

ఈ మాట మొదట అత్తయ్యగారు అన్నారు. తర్వాత మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్, సూర్యాపేటలో టీ కొట్టాయన, పెట్రోలు బంకులో గాలి కొట్టే కుర్రాడు వరసగా అన్నారు. కట్టెయ్యడం చిన్న నేరమే. పెద్ద నేరం, సీటు వెనక్కి తిప్పడం. మర్యాద తక్కువైందని అలిగి గోడవైపు తిరిగిన కొత్తల్లుడిలా మా అమ్మాయి మాకు వీపు పెట్టి కూర్చుంటుంది. రోడ్డు చూడనివ్వరా అంటారు. ఎనిమిది నెలల పిల్ల రోడ్డు చూసి ఏం చేస్తుంది, నాకు దారి చెబుతుందా?

పసివాళ్ళకి తల బరువు, మెడ లేత. కారు గుద్దుకుంటే వెనక్కి తిరిగున్న సీటు ఆ దెబ్బని వీపంతా పరిచి, మెడని కాస్తుంది. 1960ల్లో స్వీడన్ ప్రొఫెసర్ బెర్టిల్ ఆల్డ్‌మన్‌కి ఈ ఆలోచన, వ్యోమగాములు వెల్లకిలా పడుకుని పైకి వెళ్ళే తీరు చూసి వచ్చింది. ఇదంతా శ్రద్ధగా విని అత్తయ్యగారు, "వాళ్ళు చంద్రుడి మీదకి పోతారు నాయనా, మనం గుంటూరు పోతున్నాం" అన్నారు.

అసలు మా కారులో వెనక్కి తిరిగి కూర్చున్నది పాప ఒక్కతే కాదు. డాష్‌బోర్డు మీద వినాయకుడున్నాడు. ప్రతిష్ఠాపన మామయ్యగారిది. తడిగుడ్డతో తుడిచారు, ఆరనిచ్చారు, దారంతో నడిమధ్య కొలిచారు. రెండువైపులా అంటుకునే టేపు వేశారు, నమ్మకం చాలక ఇంకో పొర వేశారు. రెండు బొటనవేళ్ళతో అదిమిపట్టి, రాహుకాలం ఇంకా మొదలవలేదని రూఢి చేసుకున్నాక గానీ వదల్లేదు. కాస్త ఎడమకి జరుపుదామా అన్నాను. "ఎయిర్‌బ్యాగ్ మూత మీదా? అది విచ్చుకుంటే స్వామి ఎగిరొచ్చి మొహం మీద పడడూ!" అన్నారు. అంటే, అది గంటకి 200 కిలోమీటర్లు దాటిన వేగంతో బయటికొస్తుందని ఆయనకి తెలుసు. తెలిసి కూడా, ముందు సీట్లో సరిగ్గా ఆ మూతకి ఎదురుగా పాపని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటానని పట్టుబడతారు!

నందిగామ దాటాక ఒక గుంతలో పడి అందరం లేచి కూలబడ్డాం. స్వామి తొండమైనా అదరలేదు. విఘ్నాలు తొలగించేవాడికే రెండు పొరల టేపు కావాలి గానీ మనవరాలికి బెల్టు అక్కర్లేదట. "చూడండి మామయ్యగారూ, ఆయనా వెనక్కే తిరిగారు" అన్నాను. "ఆయన మనల్ని కనిపెట్టుకుని ఉండటానికి తిరిగాడు" అన్నారు. ఇక నేనేం మాట్లాడను!

చట్టమైనా గట్టిగా ఉందా అంటే, ఉంది. 2019 సవరణ ప్రకారం 14 ఏళ్ళలోపు పిల్లలకి బెల్టో, పిల్లల సీటో లేకపోతే 1000 రూపాయల జరిమానా. దారిలో నన్ను ఆపినవాళ్ళు మాత్రం పొల్యూషన్ కాగితం అడిగి, పాప బుగ్గ గిల్లి పంపేశారు.

చివరికి లెక్కలు తీశాను. 50 కిలోమీటర్ల వేగంలో గుద్దుకోవడమంటే మూడంతస్తుల మేడ మీంచి పడటంతో సమానం. ఎనిమిది కిలోల పిల్ల ఆ క్షణంలో వంద కిలోలు దాటిన బరువై చేతుల్లోంచి జారిపోతుంది. అత్తయ్యగారు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మీ ఆవిడ మూడు నెలల పిల్లగా ఉన్నప్పుడు ఎర్రబస్సులో శ్రీశైలం తీసుకెళ్ళాను. రాత్రంతా ఇలాగే పట్టుకున్నాను" అన్నారు. నా లెక్కలో తప్పు లేదు. కానీ మా ఆవిడ నాదాకా రావడానికి కారణం ఆ చేతులే కదా. వాటికి చాలినంత బలం లేదని అంత హుషారుగా ఎందుకు చెప్పానా అనిపించింది.

ఇప్పుడు అత్తయ్యగారు పాప సీటు పక్కనే కూర్చుంటున్నారు. రెండోవైపు ఆవకాయ జాడీ. నూనె ఒలుకుతుందని దానికి బెల్టు బిగించారు. తనకి మాత్రం వద్దట, చీర నలుగుతుందట.