గాజుపలక రాకముందు

కెమెరా కటకం ముందు నలభై ఐదు డిగ్రీల వాలులో నిలబడటమే ఈ గాజుపలక ఉద్యోగం. పూర్తి పేరు టెలిప్రాంప్టర్. స్టూడియోలో పొట్టిగా ప్రాంప్టర్ అంటారు. కింద వెల్లకిలా పడుకున్న మానిటర్లో వార్తలు తిరగబడిన అక్షరాలతో కదులుతుంటాయి. గాజు మీద పడేసరికి అవి తిన్నగా అవుతాయి. చదివేవారికి అక్షరాలు కనిపిస్తాయి. వెనకున్న కెమెరాకు మాత్రం చదివే ముఖం తప్ప మరేదీ కనిపించదు. ఇంట్లో చూసేవాళ్లకు న్యూస్ రీడర్ తమ కళ్లలోకి చూసి మాట్లాడుతున్నట్టే ఉంటుంది.

అయితే ఈ గాజుపలక తన కథ చెప్పుకోవాలంటే, తన అవసరమే లేకుండా ఆ చూపును నిలబెట్టిన ఒక మనిషితో మొదలుపెట్టాలి.

హైదరాబాద్‌లో దూరదర్శన్ కేంద్రం 1977 అక్టోబరు 23న మొదలైంది. తెర మీద తెలుగు వార్తలు రావడానికి మరో ఆరేళ్లు పట్టింది. 1983 నవంబరు 14న, బాలల దినోత్సవం నాడు, శాంతి స్వరూప్ తొలి తెలుగు బులెటిన్ చదివారు. చేతిలో కాగితాలున్నాయి, ఎదుట కెమెరా ఉంది, మధ్యలో గాజు లేదు. దించిన తల ఎత్తకుండా చదివితే అది రేడియో వార్తే అవుతుంది. అందుకని ఆయన స్క్రిప్టును ముందే బట్టీ పట్టేవారు. ఒకరోజు రెండురోజులు కాదు, దాదాపు పదేళ్లు ఇలాగే సాగింది.

బట్టీ పట్టడమంటే పద్యం అప్పజెప్పడం లాంటిది కాదు. పద్యం రేపు కూడా అదే ఉంటుంది. వార్త ఈ సాయంత్రానికే పుట్టి, రేపటికి పాతబడుతుంది. మంత్రుల పేర్లు, మృతుల సంఖ్య, నోరు తిరగని విదేశీ ఊళ్లు, అన్నీ ఏ పూటకా పూట తలకెక్కించుకోవాలి. వీధికొక టీవీ ఉన్న రోజులవి. డాబా మీద ఒకరు యాంటెన్నా తిప్పుతుంటే కింద ఇరుగుపొరుగంతా చాపల మీద సర్దుకుని కూర్చునేవారు. ఒక్క అంకె తప్పితే అంతమందీ తప్పే వింటారు.

ఈ గాజుపలక పూర్వీకులు అప్పటికే అమెరికాలో మూడు దశాబ్దాలుగా పనిచేస్తున్నారు. 1950లో ఫ్రెడ్ బార్టన్ అనే నటుడి ఆలోచనకు హ్యూబర్ట్ ష్లాఫ్లీ అనే ఇంజినీరు రూపమిచ్చాడు. సగం సూట్‌కేసులో కాగితపు చుట్ట, దాన్ని తిప్పడానికి ఒక మోటారు, అంతే. కటకం ముందుకు గాజు వచ్చింది ఆ తర్వాతే.

శాంతి స్వరూప్ నవలలూ రాశారు. భోపాల్ గ్యాస్ దుర్ఘటన మీద ‘రాతిమేఘం’, సతీసహగమనానికి వ్యతిరేకంగా ‘అర్ధాగ్ని’. బులెటిన్లో ఎంత పెద్ద ఘోరానికైనా దక్కేవి కొద్ది వాక్యాలే. మిగిలింది ఎక్కడో ఒకచోట చెప్పకుండా ఉండలేని మనిషి అని ఈ గాజుపలకకు అనిపిస్తుంది. ఆయన భార్య రోజారాణి కూడా దూరదర్శన్‌లో వార్తలు చదివినవారే. 2011లో ఆయన పదవీ విరమణ చేశారు.

అప్పటికి ఇరవై నాలుగు గంటల వార్తలొచ్చాయి. ఇప్పుడు ఆపరేటర్ చెయ్యి చదివేవారి ఊపిరిని బట్టి అక్షరాలను నడుపుతుంది. వారు ఆగితే ఆగుతుంది, తొందరపడితే వేగం పెంచుతుంది. ఒకరోజు లైవ్ మధ్యలో ఈ గాజుపలక మీద వాక్యం సగంలో గడ్డకట్టింది. కొత్తగా చేరిన అమ్మాయి. ఒక్క క్షణం ఆమె కళ్లు వెడల్పయ్యాయి. తర్వాత చెయ్యి బల్ల మీది కాగితాలను వెతుక్కుంది. తల దించి ఒక వాక్యం చూసి, ఎత్తి చెప్పింది. మళ్లీ దించి, మళ్లీ ఎత్తింది. ఆ కాగితాలు ప్రతి బులెటిన్‌కూ బల్ల మీద ఉంటాయి.

2024 ఏప్రిల్ 5న శాంతి స్వరూప్ హైదరాబాద్‌లో కన్నుమూశారు. ఆ వార్త కింది మానిటర్లో తిరగబడి వచ్చి, గాజు మీద తిన్నగా నిలిచింది. చదవాల్సిన అమ్మాయి ఆ పేరు దగ్గర ఆగింది. ఆపరేటర్ కూడా అక్షరాలను కదపలేదు. ఆమె గాజులోంచి నేరుగా కెమెరాలోకి చూసి, ఆయన పేరు చెప్పింది.