21,460 అడుగులు

ఈ ఎండాకాలం మన ఆదోని పెద్దమనుషుల్లో ఇంకొకరు ప్రాగ్ వెళ్లొచ్చారు. స్టేటస్‌లు మీరూ చూసే ఉంటారు. వల్టావా నది, పాత వంతెన, ఎర్ర పెంకుల ఇళ్లు, ఒడ్డున కాఫీ కప్పు. కింద ఒక ముక్క: "ఏ ప్లానూ లేకుండా రోజంతా నడిచాం." కాఫీ ఎన్ని యూరోలో కూడా రాశారు. అక్కడి డబ్బు కొరూనా అని ఎవరైనా చెవిన వేస్తే బాగుండు.

అన్నిటికన్నా నాకు ఒళ్లు మండేది ఆ అడుగుల లెక్క. 21,460 అట! చేతి గడియారానికి విడిగా ఫొటో తీసి మరీ పెట్టారు. వీసాకు 90 యూరోలు కట్టి, బ్యాంకు స్టేట్‌మెంట్లు చూపించి, హైదరాబాదులో వేలిముద్రలు వేసి, విమానాలు మారి అక్కడికి పోయి చేసిందేమిటయ్యా అంటే, నడవడం.

ఈయన ఇక్కడ సందు చివరి కొట్టులో పెరుగు ప్యాకెట్టుకు స్కూటరు తీస్తాడు. స్కూటరు మొరాయిస్తే ఆ పూటకు పెరుగన్నం మానేస్తాడు గానీ నడవడు. డాక్టరు నడవమన్నాడని కాలేజీ గ్రౌండు దాకా కారులో పోయి, రెండు చుట్లు తిరిగి, ఉగ్గాని బజ్జీ తిని మళ్లీ కారెక్కుతాడు. మన ఊరి కొండ మీది కోట ఎప్పుడైనా ఎక్కావా అని అడిగితే మోకాళ్లట. 1357లో కట్టడం మొదలెట్టిన చార్లెస్ వంతెన మీద మాత్రం ఆ మోకాళ్లకు ఏమీ కాలేదు. అప్పటికి మన విజయనగరం పుట్టి ఇరవై ఏళ్లు దాటింది, ఆ కాలపు రాళ్లు మన కొండ మీదా ఉన్నాయి. వాటి మీద వేసే అడుగులు లెక్కకు రావు కాబోలు.

అడుగులే గొప్పయితే ఆ గడియారం మార్కెట్ యార్డులో పత్తి మూటలు మోసే హమాలీకి కట్టండి. 1938లో మాచాని సోమప్ప నేతగాళ్ల సొసైటీ పెట్టిన ఎమ్మిగనూరులో, మగ్గం గుంటలో పొద్దస్తమానం తొక్కే కాళ్లకు కట్టండి. కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు నుంచి పిల్లాజెల్లాతో గుంటూరు మిరపచేలకు సుగ్గి వలస పోయే తల్లులకు కట్టండి. వాళ్లూ ఊరొదిలి పోతారు, వాళ్ల ఇళ్లకూ తాళాలు పడతాయి. వాళ్ల పిల్లలకు బడి పోతుంది. ఆ ప్రయాణాన్ని ఎవరూ స్టేటస్ పెట్టరు. వానలు లేక, కాలువ చివరిదాకా నీళ్లు రాక ఏటేటా కుటుంబాలు కదిలిపోయే నేల మీద నిలబడి, "మనవాళ్లకు నడక విలువ తెలీదు సార్" అని నాకు పాఠం చెప్తాడా! సిగ్గుండాలి.

పైగా ఒక నిట్టూర్పు: "మన ఊరికీ నది ఉండుంటే..." తుంగభద్ర మంత్రాలయంలో ఉంది, పోయి చూడొచ్చు. ఆదోనికి అది దిగువ కాలువ (ఎల్‌ఎల్‌సీ)లో వస్తుంది, ట్యాంకులో ఆగుతుంది, కొళాయిలో దానికి బుద్ధి పుట్టినప్పుడు కనిపిస్తుంది. 2009 అక్టోబరులో మంత్రాలయంలో ఆ నదే ఇళ్లలోకి నడిచొచ్చింది.

ఇక "అక్కడ వంతెన మీద బండ్లు రానివ్వరు సార్, హాయిగా నడిచాం" అన్న మాట. అన్నదెవరు? బజారులో తన బట్టల కొట్టు మెట్లను మురుగుకాలువ దాటించి రోడ్డు మీదికి దించినాయన. మెట్ల ముందు చీరలు కట్టిన రెండు బొమ్మలు, వాటి ముందు ఆయన బండి, దాని పక్కన గిరాకీల బండ్లు. బడి వదిలాక పిల్లలు ఆ బండ్లకూ ఆర్టీసీ బస్సుకూ మధ్య సంచులు గుండెకు హత్తుకొని పక్కవాటుగా జరుగుతారు. ముసలామె ఒకతె బస్సు పోయేదాకా అక్కడే ఆగి, బొమ్మ చెయ్యి పట్టుకొని నిలబడడం నేను చూశాను. లోపల్నుంచి కుర్రాడొకడు "అమ్మా, చీర నలుగుతుంది" అని కసిరాడు.

స్వామీ, మళ్లీ ఏడు బుడాపెస్టుకు పోదువుగాని. ముందు ఆ రెండు బొమ్మల్నీ లోపల పెట్టించు.