దేవుడి ఎదుట నిలబడ్డ రంగస్థలాన్ని

నేను వాన్‌ఫూ రంగస్థలాన్ని. దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్ ప్రావిన్స్, ఫోషాన్ నగరంలో జూమియావ్ గుడి ఆవరణ నా చోటు. 1658లో కట్టినప్పుడు నా పేరు హువాఫెంగ్. ఇప్పటి పేరు 1684లో వచ్చింది. గుడి నాకంటే ఎంతో పాతది, పదకొండో శతాబ్దం నాటిది.

నా ముఖం గుడివైపే. లోపల కొలువున్న బెయ్‌డీ ఉత్తర దిక్కుకు, నీటికి అధిపతి. నదులతో బతికే ఈ ప్రాంతానికి ఆయన అండ కావాలి. అందుకే నా మీద ఆడే కాంటనీస్ ఆటకు, అంటే ఈ ప్రాంతపు పాటల నాటకానికి, మొదటి ప్రేక్షకుడు ఆయనే. ఆ తర్వాతే జనం. సామాన్యులు నా ముందున్న వాకిట్లోంచి చూసేవారు; కలవారు రెండు పక్కలా ఉన్న మేడ వసారాల్లో కూర్చునేవారు.

నా నడుమ బంగారు పూత పూసిన చెక్కడాల అడ్డుగోడ ఉంది. దాని వెనక నటులు ముఖాలకు రంగు వేసుకుంటారు, ముందుకొచ్చి పాడతారు. సామానంటే ఒక బల్ల, రెండు కుర్చీలు. అవే కొండలవుతాయి, కోటలవుతాయి. చేతిలో కుచ్చుల కొరడా ఉంటే గుర్రమెక్కినట్టే. ఎర్ర ముఖం విశ్వాసపాత్రుడిది, తెల్ల ముఖం కుట్రదారుది. జేగంట మోగితే నా స్తంభాలన్నీ పలికేవి!

1854లో లీ వెన్‌మావ్ అనే నటుడు అప్పట్లో చైనాను ఏలుతున్న చింగ్ ప్రభుత్వం మీద తిరగబడ్డాడు. ఆయన మనుషులు నాటకపు కవచాలే తొడుక్కుని పోరాడారని చెబుతారు. తిరుగుబాటు అణిగింది. ఫోషాన్‌లో నటుల సంఘానికి నిలయమైన చియోంగ్‌హువా భవనాన్ని ప్రభుత్వం నేలమట్టం చేసి, కాంటనీస్ ఆటనే నిషేధించింది. నటులు వేరే బాణీల చాటున ఆడుతూ కళను నిలబెట్టుకున్నారు. వాళ్లకు నేను రుణపడి ఉన్నాను. ఆట తిరిగి ఎంతగా పుంజుకుందంటే, 1899లో గుడి ముఖద్వారం పైకప్పు మీద షివాన్ ఊరి కుమ్మరుల చేతి బొమ్మలై నాటక పాత్రలే కొలువుదీరాయి.

2009లో యునెస్కో కాంటనీస్ ఆటను మానవాళి వారసత్వంగా గుర్తించింది. ఇప్పుడు యాత్రికులు వస్తారు, నా బంగారు చెక్కడాలకు ఫొటోలు తీసుకుంటారు, పక్కనే ఉన్న కుంగ్‌ఫూ వీరుడు వాంగ్ ఫెయ్‌హుంగ్ స్మారక భవనానికి వెళతారు. రావడమే నాకు ఆనందం. అయినా ఒక్క కోరిక: ఆట ఉన్న రోజున వస్తే ఒక రంగమైనా పూర్తయ్యేదాకా కూర్చోండి. భాష రాకపోయినా ఫరవాలేదు. నాయిక పొడవాటి తెల్లని అంగీ చేతులు విసిరి, మళ్లీ మణికట్టు మీదికి మడుచుకునే తీరులోనే ఆమె దుఃఖమెంతటిదో తెలుస్తుంది. ఆ ఒక్క కదలికకు ఎన్నో ఏళ్ల సాధన కావాలి. దాన్ని చూడ్డానికి కొన్ని నిమిషాలు చాలు.