బదులు బాబాయి

సున్నుండలో బెల్లం ఉండకూడదు, అరిసెలో నూనె ఉండకూడదు, జంతికలో ఉప్పు ఉండకూడదు. కానీ పండగనాడు పళ్ళెంలో సున్నుండ, అరిసె, జంతిక మూడూ ఉండి తీరాలి. ఈ సిద్ధాంతం మీద బతికే మనిషిని మా చుట్టాల్లో బదులు బాబాయి అంటారు. ఆయన ఒక్కడే అనుకునేరు! కాకినాడలో ఉన్నాడు, కూకట్‌పల్లిలో వీధికొకడున్నాడు, కూతురి పురిటికని వెళ్ళి డల్లాస్‌లోనూ తేలుతుంటాడు. వంటల్లో మార్పులు ఆడవాళ్ళూ చేస్తారు గాని, చేసి ఊరుకుంటారు. బాబాయి చెప్పకుండా ఉండలేడు. ఆయన్ని గుర్తుపట్టేది అక్కడే.

ఈ జాతి ఎలా పుడుతుందంటే, రిటైర్మెంటు ఉత్తర్వూ షుగరు రిపోర్టూ ఒకే ఏడాది చేతికొస్తే పుడుతుంది. ఇంజనీరుగా ఉన్నన్నాళ్ళూ బాబాయి వంటింటి గడప దాటింది మంచినీళ్ళ కోసమే. రిటైరయ్యాక ఫైళ్ళు లేవు, సంతకం పెట్టకుండా వెనక్కి పంపడానికి ఒక్క కాగితం లేదు. కళ్ళెదుట కనబడింది పిన్ని వంట. దానిమీద సవరణలు రాయడం మొదలుపెట్టాడు. మైదా బదులు రాగిపిండి. బెల్లం బదులు ఖర్జూరం. నెయ్యి బదులు పెరుగు. కొడుకు ఎయిర్ ఫ్రయర్ కొనిచ్చాక, నూనె బదులు గాలి.

2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించినప్పుడు అది తన సిఫారసు మీదే జరిగినంత సంబరపడ్డాడు. ఆ ఏడాదంతా వాళ్ళింట్లో బియ్యం వ్రతాలకి కలశం కింద పోయడానికి తప్ప డబ్బాలోంచి బయటికి రాలేదు. కొర్రలు, సామలు, అరికెలు వంతులవారీగా వచ్చి వెళ్ళాయి. ఇందులో కొర్ర అరిసెలు బాగా కుదిరాయని ఒప్పుకోవాలి. కొర్రలూ నానతాయి, దంచితే తడిపిండి అవుతాయి, పాకం పడతాయి. కాని అవి బాగున్నాయని అందరూ అనేసరికి బాబాయికి ఉత్సాహం పోయింది. సవరించడానికి ఏమీ మిగల్లేదు మరి.

ఆయన అసలు ప్రతాపం చూడాలంటే మామూలు అరిసెల దగ్గరే చూడాలి. అరిసెకు బియ్యం ఒక రోజు నానాలి. నీళ్ళు వంచేసి, తడి ఆరకముందే దంచాలి లేదా మర పట్టించాలి. జల్లించిన పిండిని ఆరిపోకుండా అదిమి మూతపెట్టాలి. బెల్లం ఉండపాకం పట్టి, అందులో పిండి కలిపితే చలిమిడి. ఇదంతా పిన్నికి చేతిలో ఉన్న విద్య. బాబాయి దీన్ని కాగితం మీద పెట్టి రెండు అనవసర వ్యయాలు కనిపెట్టాడు. మొదటిది నానబెట్టడం. దాని బదులు పాకెట్లో దొరికే పొడి బియ్యప్పిండి. రెండోది బెల్లం. దాని బదులు స్టీవియా.

స్టీవియా తీపి చక్కెరకి రెండు మూడు వందల రెట్లు. కాబట్టి కిలో బెల్లానికి ఎన్ని చెంచాలో బాబాయి లెక్క కట్టాడు. లెక్క తప్పలేదు, ఎంతైనా ఇంజనీరు. లెక్కకు అందనిదల్లా ఒక్కటే. అరిసెలో బెల్లానికి తియ్యగా ఉండటమొక్కటే ఉద్యోగం కాదు. పాకమై పిండిని పట్టి ఉంచేదీ అదే, అరిసెను లోపల మెత్తగా ఉంచేదీ అదే. స్టీవియా చెంచాలు నీళ్ళలో కరిగాయి, నీళ్ళు తియ్యగా అయ్యాయి, ఎంతసేపు మరిగినా అవి నీళ్ళే.

"ఏమోయ్, ఉండపాకం రావట్లేదేం?"

"ఎలా వస్తుందండీ? మీరు పానకం కాస్తున్నారు."

మర్నాడు బెల్లానికి రాజీపడ్డాడు, అదీ సగం. ఈసారి చేతిలో వంటింటి థర్మామీటరుంది. ఉండపాకానికి 114 డిగ్రీల దగ్గర దింపాలని చదివాడు. చదివింది నిజమే. పిన్ని మాత్రం పళ్ళెంలో నీళ్ళు పోసుకుని, అందులో పాకం చుక్క వేసి, వేళ్ళతో ఉండ చేసి చూస్తోంది. థర్మామీటరు 114 చూపించింది. పళ్ళెంలో చుక్క ఇంకా జారిపోతోంది. "దింపెయ్" అని ఆయన, "రాలేదండీ" అని ఆవిడ. థర్మామీటరు కొన గిన్నె అడుక్కి ఆనుకుని ఉందని నేను చూశాను గాని, ఆలుమగల మధ్య మనకెందుకని ఊరుకున్నాను. అడుగు ఎప్పుడూ పాకంకన్నా వేడిగానే ఉంటుంది. దింపిన పాకంలో పొడిపిండి కలిపి, గుండ్రంగా తట్టి, గాలిపెట్టెలో పెట్టారు. బయటికొచ్చినవాటిని బాబాయి బిస్కెట్లని పిలవమన్నాడు. ఆయన పేరు మార్చడానికి ఒప్పుకున్నది అదొక్కసారే.

నిజానికి నూనె తగ్గించే పరికరం మనవాళ్ళు ఎప్పుడో కనిపెట్టి చెక్కతో చేసి పెట్టారు. కాలిన అరిసెను రెండు అరిసెల చెక్కల మధ్య పెట్టి నొక్కితే పీల్చిన నూనె చాలావరకు కారిపోతుంది. పిన్ని అలా నొక్కుతుంటే, కారిన నూనెను బాబాయి గిన్నెలో పట్టి తూకంలో పెట్టి గోడ మీది క్యాలెండర్లో రాసుకున్నాడు. ఆ తేదీ గడిలో ఇప్పటికీ గ్రాములు కనిపిస్తాయి, పక్కన పాలవాడి లెక్క.

ఎయిర్ ఫ్రయర్ చెడ్డదని నేననను. అది చిన్న పెట్టెలో వేడిగాలి సుడి తిరిగే పొయ్యి. పల్లీలు, మరమరాలు, అటుకులు, చామదుంప ముక్కలు అందులో కరకరలాడుతూ వస్తాయి. అయితే అది కాలుస్తుంది గాని వేయించదు. ఈ తేడా బాబాయికి గారెల రోజున తెలిసింది. మెత్తగా ఉండే మినప్పిండి కాగిన నూనెలో పడగానే పైపొర గట్టిపడి ఆకారం నిలుస్తుంది. గాలికి అంత శక్తి లేదు. పిండి జాలీ చిల్లుల్లోంచి జారి అడుగు పట్టింది. పిన్ని తొంగి చూసి, "గారెకి ఒక్క చిల్లు చాలండీ, మీరు వంద పెట్టారు" అంది.

చివరికి అదే పిండిని గుంట పొంగనాల పెనంలో, గుంటకు నాలుగు చుక్కల నూనెతో కాల్చి పెట్టింది. అవి నిక్షేపంగా ఉన్నాయి. బాబాయి వాటి ఫొటో పైనుంచి తీసి, 'నా జీరో ఆయిల్ గారెలు' అని కుటుంబం గ్రూపులో పెట్టాడు. నాలుగు చుక్కలు లెక్కలోకి రావట.

జంతికల కథ క్లుప్తంగా చెప్తాను, ఎందుకంటే తిన్నవాళ్ళు ఎక్కువమంది లేరు. జంతికల పిండిలో వెన్నో కాచిన నూనో పోసి కలిపేది రుచి కోసం మాత్రమే కాదు, గుల్లగా రావడం కోసం. కొవ్వు పిండిరేణువుల మధ్య చేరి వాటిని బిగుసుకుపోనివ్వదు. అది అదనపు ఖర్చని బాబాయి కొట్టేశాడు. వచ్చినవి నెలల తరబడి నిలవున్నాయి. నిలవుండటం పిండివంటకి మంచి గుణమే గాని, ఎవరూ ముట్టకపోవడం వల్ల నిలవుండటం ఆ కోవలోకి రాదు.

సకినాల జోలికి వెళ్ళి మాత్రం పరువు పోగొట్టుకున్నాడు. కోడలిది కరీంనగర్. సకినాల పిండిని వేళ్ళ మధ్య సన్నగా తిప్పుకుంటూ, గుడ్డ మీద చుట్టులోపల చుట్టుగా పోయడం చేతి పనితనం. బాబాయి చేతి బదులు గొట్టం పెట్టి ఒత్తాడు, నువ్వుల బదులు అవిసెగింజలు వేశాడు. వియ్యపురాలు ఒకటి చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, ఎంతో మర్యాదగా, "మురుకులు మంచిగైనయ్ అన్నయ్యా. సకినాలు ఎప్పుడు చేస్తున్నరు?" అంది.

ఇన్ని పరాభవాలు అయ్యాక ఆయన వేడి లేని వంటల వైపు తిరిగాడు. శ్రీరామనవమికి వడపప్పు ఉంది కదా. నానబెట్టిన పెసరపప్పు, కీరాముక్కలు, పచ్చిమామిడి తురుము, కాస్త కొబ్బరి, పచ్చిమిర్చి, కొత్తిమీర. పొయ్యి వెలిగించక్కర్లేదు. నూనె చుక్క లేదు, చక్కెర రవ్వ లేదు. సాలడ్ పేరు చెప్పి పెద్ద హోటళ్ళలో ఏం పెడతారో మనవాళ్ళు దాన్ని ప్రసాదంగా దొన్నెల్లో పంచేస్తుంటారు. ఆరోగ్యం వంక పెట్టి ఇందులో మార్చడానికి ఏముంది? ఏమీ లేదు కాబట్టే బాబాయి ఎక్కువ మార్చింది దీన్నే. పెసరపప్పు బదులు కినోవా, మామిడి బదులు అవకాడో. ఆపైన రెండు పెద్ద చెంచాల ఆలివ్ నూనె. పెద్ద చెంచాడు ఆలివ్ నూనెకు ఇంచుమించు 120 కేలరీలు. జన్మలో నూనె ఎరగని వంటకంలో ఈయన నూనె పోశాడు. అరిసెలోంచి తీసి గ్రాముల్లో రాసుకున్న నూనె బాకీ అలా తీర్చేసుకున్నాడనుకోవాలి.

పైగా పొద్దున్నే ఉప్పు కలిపి ఫ్రిజ్‌లో పెట్టాడు. ఉప్పు తగిలితే కీరా నీరు వదిలేస్తుంది. అందుకే పిన్ని పంచేముందు గాని ఉప్పు వెయ్యదు. మధ్యాహ్నానికి గిన్నెలో ముక్కలు ఈత కొడుతున్నాయి.

ఇంతకీ ఆయనతో వాదించి గెలవలేం. "సంప్రదాయం సంప్రదాయం అంటావు. మిరపకాయ మనదా? పోర్చుగీసువాళ్ళు ఓడల్లో తెచ్చింది. అంతకుముందు మీ తాతల తాతలు మిరియం వేసుకోలేదూ? వేరుశనగ మనదా? టమాటా మనదా?" అంటాడు. మాటకు తిరుగు లేదు. మిరపకాయను బయటికి పంపేస్తే గుంటూరులో ఏం మిగులుతుంది? కాకపోతే మిరియం చోట్లోకి రావడానికి మిరపకాయకు కొన్ని తరాలు పట్టింది. బాబాయి భోగినాడు మొదలుపెట్టి కనుమకల్లా అయిపోవాలంటాడు.

ఈ వాదన జరుగుతున్నంతసేపూ పిన్ని పాలపొడితో మైక్రోవేవ్‌లో కోవా చేస్తూ ఉంటుంది. వాళ్ళమ్మ గంటలకొద్దీ పాలు మరిగించి, అడుగంటకుండా తిప్పుతూ చేసిన కోవా అది. రోలు పోయి గ్రైండరు వచ్చింది, రోకలి పోయి మిక్సీ వచ్చింది, రోజంతా పట్టే బందరు లడ్డు మానేసి సులువుగా అయ్యే రవ్వలడ్డు చేసింది. ఇవేవీ ఆవిడ మార్పులని అనుకోలేదు. అరిసెల విషయంలోనూ ఆవిడ చేసింది ఒక్కటే, సైజు సగానికి తగ్గించింది. పిండి అదే, పాకం అదే, ఒక్కోదానిలో బెల్లం మాత్రం సగం. దీనికి మించిన తెలివైన సవరణ నేను చూడలేదు. చిన్నవి కదా అని బాబాయి రెండింతలు తిన్నాడు.

డల్లాస్‌లో కూతురి వంటింట్లో ఇంకో పాఠం ఉంది గాని ఆయన చదువుకోలేదు. అక్కడ అమ్మాయి పచ్చికోవా దొరక్క రికోటా జున్నుతో చేసుకుంటుంది. అరిసెల చెక్కలు లేక రెండు గరిటెల మధ్య నొక్కుతుంది, నూనె కాగితే పొగ అలారం మోగుతుందని గరాజ్‌లో పొయ్యి పెట్టుకుంటుంది. దొరకనివాళ్ళు మార్చుకుంటున్నారు. బాబాయి ఇంటినిండా అన్నీ పెట్టుకుని మారుస్తున్నాడు.

పూతరేకుల ముందు మాత్రం ఆయన కూడా చేతులెత్తేశాడు. బోర్లించిన కుండ కింద మంట పెట్టి, పలచటి బియ్యప్పిండిలో ముంచిన గుడ్డను దాని మీద ఒక్క లాగు లాగితే రేకు వస్తుంది. ఆత్రేయపురం ఆడవాళ్ళ చేతిలో ఉన్న పని అది, వాళ్ళ పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కుండ బదులు నాన్‌స్టిక్ పెనం బోర్లించి చూసిన బాబాయికి వచ్చింది వేలి మీద బొబ్బ. విడిరేకులు తెప్పించుకుని ఇంట్లో మడత పెట్టుకోవడం గోదావరి జిల్లాల్లో ఉన్నదే. ఇప్పుడాయన అదే చేస్తున్నాడు. లోపల చల్లేది పొడి కాబట్టి, పాకం గొడవ లేదు కాబట్టి, అక్కడ బెల్లం తగ్గించి జీడిపప్పు, బాదం పొడి వేస్తే సరిగ్గా సరిపోయింది. ఖర్జూరం పొడి కూడా వేశాడు. అందులో మూడింట రెండొంతులు చక్కెరేనని చెప్తే, "అది సహజమైన చక్కెర" అన్నాడు. చెరకు ఫ్యాక్టరీలో పండుతుందనుకున్నాడేమో!

ఆయనింటికి వెళ్ళినవాళ్ళకు అసలు పరీక్ష తిన్నాక ఉంటుంది. ఎదురుగా కుర్చీ వేసుకుని, "ఎలా ఉంది?" అంటాడు. అల్లుడు "డిఫరెంట్‌గా ఉంది మామయ్యా" అంటాడు. పక్కింటాయన "ఒంటికి చాలా మంచిదండీ" అంటాడు. రుచిగా ఉన్నదాన్ని ఎవరైనా ఒంటికి మంచిదని మెచ్చుకున్నారా? బాబాయి మాత్రం రెండూ పొగడ్తలుగానే రాసుకుంటాడు.

వచ్చే సంక్రాంతికి కొబ్బరిబూరెలు ఆవిరి మీద చేస్తానంటున్నాడు. పలచగా తట్టిన చలిమిడి కాగే నూనెలో పడితే లోపలి తడి ఆవిరై ఒక్కసారిగా పొంగుతుంది, అదే బూరె. ఆవిరి మీద పెడితే వచ్చేది కుడుము. దాన్ని మన పెద్దలు ముందే కనిపెట్టి వినాయకచవితికి కేటాయించారు. ఉండ్రాళ్ళయితే మరీను, బియ్యపురవ్వ, శనగపప్పు, జీలకర్ర, చెంచాడు నెయ్యి, అంతే. బెల్లం లేదు, వేపుడు లేదు. బాబాయి ఇన్నేళ్ళుగా వెతుకుతున్న పిండివంట అదే. ఆయనకది చప్పగా ఉంటుందట. మీలో ఎవరైనా ఆయనకు నచ్చజెప్పగలిగితే చెప్పండి. పిన్ని చెప్పడం మానేసింది.