ఒక మూత కలిపితే గాలి ఆగునట!

తార్నాకలో పొద్దున్నే పాలప్యాకెట్ కోసం తలుపు తీసేవాళ్లలో సగంమంది కెమిస్ట్రీ పీహెచ్‌డీలేనని నా అనుమానం. ఒక పక్క ఉస్మానియా, ఇంకో పక్క రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ. పాతకాపులకు అది ఇప్పటికీ ఆర్ఆర్ఎల్లే. 1944లో పుట్టి, 1956లో సీఎస్‌ఐఆర్ కిందికొచ్చి, 1989లో ఐఐసీటీ అని పేరు పెట్టుకుంది. నీటిబొట్టు తలతన్యత ఎంతో నిద్రలో లేపి అడిగినా చెప్పగలవాళ్లు ఈ గల్లీల్లో కాపురముంటున్నారు. మల్కాజ్‌గిరి పేరు తగిలించుకున్న జిల్లాలో ఘట్‌కేసర్ దాటి పోతే మాత్రం అదే బొట్టు జాతకం ఎరువుల దుకాణం కౌంటర్ మీద ఒక చిన్న సీసాతో తేలుతుంది. "గడ్డిమందుల ఇది ఒక మూత పొయ్యి. గాలికి పోదు, పక్క చేనుకు తాకదు." అయిపోయింది శాస్త్రం. బిల్లు అడిగితే బాగుండదు.

గాలిలో దీపం పెట్టి దేవుడా నీ మహిమ అనే కాలం పోయింది. గాలిలో గడ్డిమందు కొట్టి సీసా నీ మహిమ అనే కాలం వచ్చింది. హనుమంతుణ్ణి కన్న వాయుదేవుడు ఒక మూతకు లొంగిపోతాడని మన పురాణాలకు కూడా తోచలేదు.

సీసాలో ఏమీ లేదని నేననను. ఉంది. నీళ్లకు కాస్త సాగుడు తెచ్చే పాలిమర్ కలిపితే సన్న తుంపర తగ్గి బొట్లు లావవుతాయి. సరైన నాజిలు, సరైన మందు, సరైన మోతాదు కుదిరితే ఇది నిజమే. కానీ కౌంటర్ దగ్గర గమ్ము, స్టిక్కరు, స్ప్రెడరు అన్నీ ఒకే తల్లి బిడ్డలు. స్ప్రెడర్ చేసేది వేరే పని: తలతన్యత తగ్గించి బొట్టును ఆకు మీద పరుస్తుంది. తలతన్యత తగ్గితే చాలా నాజిళ్లలో బొట్టు ఇంకా సన్నబడుతుంది. గాలికి పోకూడదని కొన్న సీసా, పోయేదాన్ని బస్సెక్కించి పంపుతుందన్నమాట. ఇంట్లో సర్ఫు ఉండగా సీసా ఎందుకు దండగ అనుకునే పెద్దమనుషులూ ఉన్నారు. వాళ్లు కనీసం డబ్బు మిగుల్చుకున్నారు.

బొట్టు లెక్క చూడండి. పది అడుగుల ఎత్తు నుంచి 400 మైక్రాన్ల బొట్టు రెండు సెకన్లలో నేల చేరుతుంది. 100 మైక్రాన్లదానికి పది సెకన్లు పడుతుంది. 20 మైక్రాన్లది నాలుగు నిమిషాలు గాలిలో షికారు చేస్తుంది. గంటకు ఐదు కిలోమీటర్ల గాలి, అంటే ముఖానికి హాయిగా తగిలే గాలి, ఈ చివరిదాన్ని వెయ్యి అడుగులు దాటించేస్తుంది. మన కమతాల్లో వెయ్యి అడుగులంటే ముగ్గురు నలుగురు పాలివాళ్ల చేలు.

సీసా లేకున్నా, పురుగుమందు కొట్టే హాలో కోన్ నాజిలు తీసేసి ఫ్లడ్ జెట్టో, ఫ్లాట్ ఫ్యానో బిగిస్తే బొట్టు లావవుతుంది. పంపు ఒత్తిడి తగ్గిస్తే ఇంకా లావవుతుంది. నాజిలును కిందికి పట్టుకుని, గాలి పక్క చేను వైపు ఉంటే ఆగి, రేపు కొడితే సరి. కానీ ఇందులో వ్యాపారమేముంది? నాజిలు ఒకసారి కొంటే ఏళ్లు పనిచేస్తుంది, సీసా ప్రతి సీజన్‌కూ ఖాళీ అవుతుంది. ఆగడమనే సరుకునైతే ఏ కంపెనీ ఇంకా సీసాలో నింపలేదు.

పత్తి చేనుకు వద్దాం. పక్క మొక్కజొన్నలోనో వరిగట్టు మీదో 2,4-డి గడ్డిమందు కొట్టారు. నాలుగు రోజులకు పత్తి లేతాకు అంచులు ముడుచుకుని, ఈనెలు దగ్గరకు చేరి, వెడల్పాటి ఆకు కాస్తా బెండాకులా వేళ్లు చాపుతుంది. ద్రాక్షదీ అదే గతి. ఒకప్పుడు మేడ్చల్, శామీర్‌పేట వైపు తోటలు పెంచినవాళ్లకు ఈ భయం తెలుసు. పైగా ఈ మందును ఈథైల్ ఎస్టర్ రూపంలో కొడితే, నేల మీద పడ్డాక కూడా ఎండకు ఆవిరై లేచి పోతుంది. బొట్టును లావు చేసే మూత ఆవిరిని ఏం చేస్తుంది? గ్లైఫోసేట్ అనే ఇంకో గడ్డిమందు సంగతి మరీ విచిత్రం. 2018లో రాష్ట్రం దానిమీద ఆంక్షలు పెట్టింది. 2022 అక్టోబరులో కేంద్రం పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు మాత్రమే కొట్టాలంది. ఊళ్లో పత్తిచేను మధ్య పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్ కనిపిస్తే దండేసి ఊరేగించాలి.

అమెరికావాళ్లు మనకంటే చదువుకున్నవాళ్లు కదా, చూద్దాం. డైకాంబా గడ్డిమందు 2017లో దాదాపు 36 లక్షల ఎకరాల సోయాను దెబ్బతీసిందని మిస్సోరి యూనివర్సిటీ అంచనా. 2020 జూన్‌లో కోర్టు అనుమతులు కొట్టేసింది. అదే ఏడు అక్టోబరులో ప్రభుత్వ సంస్థ మళ్లీ పచ్చజెండా ఊపింది. షరతు? ఆవిరిని తగ్గించే పదార్థం ట్యాంకులో తప్పనిసరిగా కలపాలి. అంటే మన మూతే, సూటూబూటూ వేసుకుంది. 2021 సీజన్‌లో సుమారు 3,500 ఫిర్యాదులొచ్చాయి. 2024 ఫిబ్రవరిలో కోర్టు మళ్లీ కొట్టేసింది.

మనం వెనకబడతామా? 2023లో నమో డ్రోన్ దీదీ పథకం వచ్చింది, 15,000 మహిళా సంఘాలకు డ్రోన్లు. ఆడవాళ్ల చేతికి యంత్రం రావడం మంచిదే, అందులో వెటకారం లేదు. కానీ చేతిపంపుతో ఎకరాకు 150–200 లీటర్లు కొట్టే నీటిని డ్రోన్ పది లీటర్లకు కుదించింది. ఆ పది లీటర్లు పొలమంతా పరచాలంటే బొట్టు సన్నగా ఉండాలి, అదీ మనిషి తల మీద నుంచి. గడ్డిమందుకు ఇది వద్దనాల్సిన చోట, దీనికీ ఒక ప్రత్యేక మూత ఉందని సెలవిస్తున్నారు.

చివరికి పక్క చేను మాడాక రచ్చబండ దగ్గర కూర్చుంటారు. "గాలి గట్ల కొట్టింది, నేనేం జేద్దునే?" అంటాడు కొట్టినాయన. "అన్నా, సీసా గూడ కలిపినవంటివి గద," అంటాడు పోగొట్టుకున్నాయన. డబ్బా వెనక చిన్నక్షరాల్లో గాలి వేగం ఎక్కువుంటే కొట్టవద్దని ముందే రాసి ఉంది, కాబట్టి కంపెనీని ఎవరూ పిలవరు. ఆడలేక మద్దెల ఓడన్న సామెతలో మద్దెల పాత్ర ఎప్పుడూ రైతుదే. విత్తనం, ఎరువు ఖర్చులో సగానికి పెద్దమనుషులు తేలుస్తారు. పోగొట్టుకున్నాయన బండెక్కి అదే దుకాణానికి పోతాడు, పత్తి కోలుకోవడానికి ఏదన్నా ఉందా అని. ఉండకేం! టానిక్ ఉంది.

"అట్లనే, దీంట్ల గూడ ఒక మూత స్టిక్కర్ కలుపుకో, అన్నా."